తెడ్డా, పెడలా? చేపల వేటకు కయాక్ ఎంచుకునే ముందు

టెక్సస్‌లో కయాక్ మీద గాలం వేసేవాళ్లు ఇద్దరు ఒకచోట కలిస్తే కాసేపటికి ఈ ప్రశ్న రాక తప్పదు: చేత్తో తెడ్డు వేసే కయాక్ మేలా, కాళ్లతో తొక్కే పెడల్ కయాక్ మేలా? డాలస్ చుట్టూ ఫ్రిస్కోలో, ప్లేనోలో, అర్వింగ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చేపల మీద మక్కువ ఉన్నవాళ్లూ ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతున్నారు. మొదట స్టేట్ పార్కులో ఒడ్డున నిలబడి గాలం వేస్తారు. అక్కడ ఒడ్డు మీంచి పట్టేవాళ్లకు లైసెన్సు కూడా అక్కర్లేదు. కొన్నాళ్లకు చేపలన్నీ గాలం అందని దూరంలోనే ఎగిరిపడుతున్నట్టు తోస్తుంది. మోటారు బోటు కొనాలంటే ట్రైలరు, దాన్ని పెట్టుకోవడానికి చోటు, రిజిస్ట్రేషను, ఇంజను మరమ్మతులు. కయాక్‌కు ఆ బాధలేవీ లేవు. మోటారు బిగించనంతవరకు టెక్సస్‌లో దానికి రిజిస్ట్రేషన్ అడగరు. సరేనని దుకాణానికి వెళితే నాలుగైదు వందల డాలర్ల తెడ్డు కయాక్, దాని పక్కనే నాలుగైదు వేల డాలర్ల పెడల్ కయాక్ కనిపిస్తాయి. పొడవు ఇంచుమించు ఒకటే, ప్లాస్టిక్ కూడా ఒకటే. ధరలో పదింతల తేడా దేనికి?

దీనికి అందరూ చెప్పే జవాబు రెండు ముక్కలు. పెడల్ కయాక్ వేగంగా పోతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. రెండింట్లోనూ నిజముంది. అయినా కొన్న పడవ మనకు పనికొస్తుందా, గ్యారేజీలో పడి ఉంటుందా అన్నది వేరే మూడు సంగతుల మీద ఆధారపడుతుందని నా అభిప్రాయం. మనం తరచుగా వెళ్లే నీటి మీద గాలి ఎంత ఉంటుంది, ఆ నీటిలో లోతూ నాచూ ఎలా ఉంటాయి, ఇంటి దగ్గర్నుంచి ఆ నీటి అంచు దాకా పడవను ఒక్కళ్లమే చేర్చగలమా అన్నవి అవి. వీటికి జవాబు దొరికితే తెడ్డా, పెడలా అన్నది దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్, అల్యూట్ ప్రజలు కొట్టుకొచ్చిన కర్రలతో, తిమింగిలపు ఎముకలతో చట్రం కట్టి, దానికి సీల్ చర్మం బిగించి చేసుకున్న వేట పడవ కయాక్. సన్నగా, తేలిగ్గా ఉండి చప్పుడు లేకుండా కదిలేది. మనిషి నడుం దాకా అందులో దిగి కూర్చునేవాడు. ఇవాళ గాలం వేసేవాళ్లు వాడే కయాక్ రూపం పూర్తిగా వేరు. 1970లలో కాలిఫోర్నియా తీరంలో టిమ్ నీమియర్ అనే ఆయన సర్ఫ్‌బోర్డు ఆలోచన పట్టుకుని, లోపల దూరకుండా పైన కూర్చునే కయాక్‌లు చేశాడు. ఆ పనే తర్వాత ఓషన్ కయాక్ కంపెనీ అయింది. ఈ తరహా పడవలో పైకొచ్చిన నీరు అడుగు రంధ్రాల గుండా దానంతట అదే దిగిపోతుంది. బోల్తాపడినా తిప్పుకుని మళ్లీ ఎక్కొచ్చు. రాడ్లు, ఎరల పెట్టెలు, ఐసు పెట్టె చేతికందేలా పెట్టుకోవచ్చు. చేపల కయాక్ అంటే ఇప్పుడు ఎక్కువగా ఇదే.

ఈ పడవలకు కాళ్లు తగిలించింది హోబీ కంపెనీ. సర్ఫ్‌బోర్డులకూ, హోబీ 16 అనే జంట పొట్టల తెరచాప పడవకూ పేరుపడ్డ ఆ కంపెనీ, గ్రెగ్ కెటర్మన్ రూపకల్పన చేసిన మిరాజ్‌డ్రైవ్‌ను 1997లో తెచ్చింది. పెడల్ అనగానే మన పార్కుల చెరువుల్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే బోటు గుర్తొస్తుంది గాని ఇది అలాంటిది కాదు. ఇందులో చక్రం తిరగదు. ఒక పాదం తర్వాత ఇంకో పాదంతో ముందుకు నెడుతుంటే పడవ అడుగున రెండు రెక్కలు కుడికీ ఎడమకూ ఊగుతాయి. ప్రతి రెక్కకూ ముందంచున ఉక్కు కడ్డీ, దాని వెనక వంగే రబ్బరులాంటి పలక ఉంటాయి. రెక్క ఏ వైపు ఊగినా పలక వెనక్కి మెలితిరిగి నీటిని తోకవైపే నెడుతుంది కాబట్టి రెండు ఊపుల్లోనూ పడవ ముందుకే పోతుంది. పెంగ్విన్ నీటిలో ఈదే తీరు చూసి తీసుకున్న ఆలోచన ఇది. చాలా ఏళ్లపాటు దీనికి వెనక్కి పోవడం వచ్చేది కాదు. తర్వాతి నమూనాల్లో తాడు లాగితే రెక్కలు తిరగబడి వెనక్కి నడిపే ఏర్పాటు వచ్చింది. అడుగున దేనికైనా కొట్టుకుంటే విరగకుండా మడుచుకునే రెక్కలు వచ్చాయి. 2019లో ఏ దిక్కుకైనా నెట్టగలిగే 360 డ్రైవ్ వచ్చింది.

రెండో దారి ప్రొపెల్లర్. నార్త్ కరోలినాకు చెందిన నేటివ్ వాటర్‌క్రాఫ్ట్ 2000ల చివర్లో ప్రొపెల్ పేరుతో తెచ్చినదీ, 1898 నుంచి కనూలు కడుతున్న మెయిన్ రాష్ట్రపు ఓల్డ్ టౌన్ 2016లో పీడీఎల్ పేరుతో తెచ్చినదీ ఈ కోవవే. సైకిల్ తొక్కినట్టే గుండ్రంగా తొక్కుతారు. పళ్లచక్రాలు ఆ తిప్పును నిలువు గొట్టం గుండా కిందికి దించి చిన్న పంకను తిప్పుతాయి. పీడీఎల్‌లో పాదం ఒకసారి చుట్టు తిరిగితే పంక పది చుట్లకు పైగా తిరుగుతుంది. వెనక్కి తొక్కితే పడవ అప్పటికప్పుడే వెనక్కి వస్తుంది. రెక్కలదా, పంకదా అన్న ఎంపికలో చాలామంది లెక్కలోకి తీసుకోని సౌకర్యం ఇదే. మునిగిన చెట్ల మధ్య బాస్ చేప తగిలి మోడులోకి లాగుతున్నప్పుడు రెండు తొక్కులు వెనక్కి తొక్కి దాన్ని బయటి నీళ్లలోకి ఈడ్చుకోవడం ఎంతో హాయి.

ఇక వేగం. నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడవే హద్దు పెడుతుంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 12 అడుగులకు అది సుమారు 4.6 నాట్లు, అంటే గంటకు 8.5 కిలోమీటర్లు. ఆ వేగాన్ని సమీపించేకొద్దీ పడవ తాను లేపిన అలను తానే ఎక్కాల్సి వస్తుంది కాబట్టి ఎంత బలం పెట్టినా ఫలితం కొంచెమే. తొడల్లో ఎంత సత్తా ఉన్నా ఈ లెక్క మారదు. నిదానంగా గాలం వేసుకుంటూ తిరిగేవాడికి ఆ హద్దుతో అసలు పనే పడదు. తెడ్డుతోనైనా పెడల్‌తోనైనా ఆ పూట గడిచేది గంటకు నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల మధ్యనే. తేడా ఎంతసేపు అలా పోగలం అన్నదాంట్లో ఉంది. ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉంటాయి. రోజూ మన బరువు మోసేవి అవే. నాలుగు గంటలు తొక్కినా రేపటికి సర్దుకుంటాయి. భుజాలు అంత తొందరగా సర్దుకోవు.

తెడ్డుకు ఇక్కడ ఒక అన్యాయం జరుగుతోంది. నిలబడి గాలం వేయడానికి వీలుగా చేపల కయాక్‌లను 33 నుంచి 38 అంగుళాల వెడల్పున, ఎత్తయిన కుర్చీతో చేస్తున్నారు. అంత వెడల్పు దాటి నీటిని అందుకోవాలంటే 240, 260 సెంటీమీటర్ల పొడవాటి తెడ్డు కావాలి. ఆ తెడ్డు బరువు. అది నీటిలో పడే చోటు పడవ నడిమి గీతకు దూరం. దాంతో ప్రతి వేటుకూ ముక్కు పక్కకు తిరుగుతుంది, సగం శ్రమ దాన్ని మళ్లీ సరిచేయడానికే పోతుంది. ఇలాంటి పడవలో ఒక పూట తిరిగి చూసి తెడ్డు పని అయిపోయిందంటారు. 30 అంగుళాల దగ్గర వెడల్పుతో, 12 నుంచి 14 అడుగుల పొడవుతో, వైల్డర్‌నెస్ సిస్టమ్స్ వాళ్ల టార్పన్ 120 లాంటి పడవలో కూర్చుని, చేతులతో గాక నడుం తిప్పుతూ తెడ్డు వేస్తే కథ వేరుగా ఉంటుంది. తెడ్డుకోసం చేసిన పడవతో పెడల్‌ను పోల్చాలి. పెడల్ కోసం పుట్టి, పెడల్ తీసేసి చౌకగా అమ్మే వెడల్పాటి పడవతో కాదు.

గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెడల్ స్పష్టంగా గెలుస్తుంది. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వచ్చిందంటే దక్షిణపు గాలి రోజంతా వీస్తుంది. డెంటన్ పక్కనున్న రే రాబర్ట్స్ సరస్సు విస్తీర్ణం 29,000 ఎకరాల దాకా ఉంటుంది. అలాంటి నీటిలో మధ్యాహ్నానికి తెల్లటి నురగలు లేస్తాయి. నీటిలోకి చొచ్చుకొచ్చిన రాళ్ల కొన ఒకటి కనిపించిందనుకోండి. చేప అక్కడే ఉంటుందని తెలుసు. తెడ్డు కయాక్‌లో ఉన్నవాడు గాలికి ఎదురుగా వెళ్లి, తెడ్డును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, రాడ్ తీసి ఎర విసురుతాడు. రీలు నాలుగు చుట్లు చుట్టేలోపే ముక్కు గాలికి తిరిగిపోతుంది. దారం విల్లులా వంగుతుంది, ఎర రాళ్లను వదిలి ఇటువైపు జారుతుంది. రాడ్ కింద పెట్టి మళ్లీ తెడ్డు అందుకోవాలి. ఎర నీటిలో ఉన్న సమయం కన్నా తెడ్డు చేతిలో ఉన్న సమయమే ఎక్కువవుతుంది. పెడల్ కయాక్‌లో ఉన్నవాడు ముక్కు గాలికి పెట్టి నెమ్మదిగా తొక్కుతూ అక్కడే నిలుస్తాడు. అదే రాయి పక్కన పది సార్లు, పది కోణాల్లో ఎర లాగగలడు. బాస్ చేప చాలాసార్లు మొదటి విసురుకు పట్టదు.

చేతులు పూర్తిగా ఖాళీ అన్నది మాత్రం పూర్తి నిజం కాదు. కాళ్లు నెడతాయే గాని పడవను తిప్పేది చుక్కాని. దాని పిడి ఒక పక్కన ఉంటుంది, నిమిషానికోసారైనా ఆ చెయ్యి దాని మీదికి పోవాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు చుక్కానికి పట్టు తక్కువ, పడవ ఆలస్యంగా తిరుగుతుంది. తెడ్డు ఒక్క వెనక వేటుతో పడవను ఉన్నచోటే గిరుక్కున తిప్పగలదు, పక్కకు లాగగలదు, బురదలో గుచ్చి నెట్టగలదు, ఒరిగినప్పుడు నీటి మీద చరిచి నిలబెట్టగలదు. మొదటి రెండూ 360 డ్రైవ్ చేయగలదేమో గాని, ఈ నాలుగు పనులూ చేసే పెడల్ లేదు.

చేతుల కొరత కొత్త సమస్యేమీ కాదు. కృష్ణ మీద పుట్టిలో వలకు వెళ్లే మన జాలరుల్లో ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు వల వదలడం మామూలే. చాలాసార్లు ఆ ఇద్దరూ మొగుడూ పెళ్లామే. పడవ నడిపే చేతులు, చేప పట్టే చేతులు వేరువేరుగా ఉండాలని వాళ్లకు ఏనాడో తెలుసు. కయాక్‌లో ఉండేది ఒక్కడే. ఆ రెండో మనిషి పని కాళ్లకు అప్పజెప్పడమే పెడల్ చేసింది. అందుకే ఎరను వెనక కట్టి మెల్లగా లాక్కుంటూ పోయే ట్రోలింగ్‌లోనూ, సముద్రంలో లోతు నీటిలో ఒకచోట నిలబడి ఎరను కిందికి దించడంలోనూ పెడల్‌కు సాటి లేదు. కాలిఫోర్నియా తీరంలో లా హోయా ముందు ఎల్లోటెయిల్ చేప కోసం తిరిగే కయాక్‌ల్లో పెడల్‌వి అంతగా కనిపించడానికి కారణం ఇదే.

అక్కడ కెల్ప్ అనే సముద్రపు నాచు పెడల్‌ను ఎలా ఇబ్బంది పెడుతుందో కూడా ఆ లా హోయా వేటగాళ్లే చెబుతారు. లోతూ నాచూ అన్నవి పెడల్ బలహీనత బయటపడే చోట్లు. రెక్కలైనా పంకైనా పడవ అడుగు కింద అడుగు నుంచి అడుగున్నర దాకా దిగి ఉంటాయి. టెక్సస్ తీరంలో పోర్ట్ అరాన్సస్, అరాన్సస్ పాస్‌ల దగ్గర లైట్‌హౌస్ లేక్స్ అని మడ చెట్ల మధ్య మెలికలు తిరిగే నీటి దారులున్నాయి. కయాక్‌ల కోసమే గుర్తులు పెట్టిన మార్గం అది. రెడ్‌ఫిష్ అక్కడ జానెడు నీటిలోకి వచ్చి, తల కిందికి పెట్టి పీతల కోసం అడుగు తవ్వుతుంటే నల్ల మచ్చ ఉన్న తోక గాలిలో ఊగుతుంది. ఆ తోక దగ్గరికి ఎర విసిరే దూరం దాకా చప్పుడు కాకుండా చేరడమే అక్కడి వేట. మిరాజ్‌డ్రైవ్ ఉన్నవాడు ఒక పెడల్ ముందుకు నెట్టి రెక్కల్ని అడుగుకు అంటించి ఉంచొచ్చు, చిన్న ఊపులతో కొంత పాకొచ్చు. పంక ఉన్నవాడు డ్రైవ్‌ను మొత్తంగా పైకి లేపాలి. ఆ తర్వాత ఇద్దరి చేతుల్లోనూ తెడ్డే ఉంటుంది. అడుగున కత్తుల్లాంటి ఆల్చిప్పల దిబ్బలుంటే రెక్కలు చీలతాయి, పంక అంచులు గరుకుదేలతాయి. సముద్రపు గడ్డి మీద కూడా కాస్త దయ ఉండాలి. పక్కనే ఉన్న రెడ్‌ఫిష్ బేలో మోటారు పంకలు గడ్డిని వేళ్లతో సహా పెకలించడాన్ని రాష్ట్రం 2006లోనే నిషేధించింది. చేపకు నీడా తిండీ ఇచ్చేది ఆ గడ్డే. ఈ తీరంలో ఉంచుకోదగ్గ రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్యవి, రోజుకు మూడు. ఆ మూడింటి కోసం పెడల్ తప్పనిసరి కాదు.

మంచినీటి సరస్సుల్లో సమస్య హైడ్రిల్లా. ఆసియా నుంచి వెళ్లిన ఈ నాచు మన చెరువుల్లోనూ ఉన్నదే. శామ్ రేబర్న్ లాంటి సరస్సుల్లో బాస్ చేపలు దీని అంచుల్లోనే పొంచి ఉంటాయి. అందుకే గాలం వేసేవాళ్లు దాని అంచుకే పోతారు. పంక దానిలోకి వెళ్లగానే మొదట పెడల్ కాస్త బిగుసుకుంటుంది. ఇంకో రెండు చుట్లకు పాదం ఆగిపోతుంది. వెనక్కి నాలుగు చుట్లు తొక్కితే ఒక్కోసారి విడిపోతుంది. లేకపోతే గొళ్లెం తీసి డ్రైవ్‌ను ఒళ్లోకి లాగాలి. పంకకూ గొట్టానికీ మధ్య సందులో తడి కాడలు తాడు పేనినట్టు చుట్టుకుని ఉంటాయి. ఒక కొస దొరికితే మొత్తం ఊడివస్తుంది, దొరక్కపోతే కత్తితో కోయాలి. ఈలోగా పడవ గాలికి నాచు మధ్యలోకి ఇంకాస్త జారుతుంది. రెక్కల డ్రైవ్‌కు నాచు తక్కువ చుట్టుకుంటుంది, రెండు మూడు గట్టి ఊపులతో చాలావరకు రాలిపోతుంది. కాడో సరస్సు మీద 2006 నుంచి పరుచుకుంటున్న జెయింట్ సాల్వీనియా దళసరి చాపలో మాత్రం రెండూ ఒకటే. అక్కడ తెడ్డు మీద కూడా చెమటోడ్చాల్సిందే. కొల్లేరులోనో, గుర్రపు డెక్క పట్టిన మన చెరువుల్లోనో ఎవరైనా కయాక్ దించాలనుకుంటే పెడల్ వద్దని సంకోచం లేకుండా చెబుతాను. నాచు సంగతి అలా ఉంచితే, చుట్టూ కట్టి ఉన్న వలలు కూడా పంకకే చుట్టుకుంటాయి. పాడయ్యేది వల కట్టిన జాలరి జీవనాధారం.

నాచు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పాకేది ఇలాంటి సందుల్లో మిగిలిన ముక్కలతోనే. పెడల్ కయాక్‌లో ఆ సందులు ఎక్కువ. టెక్సస్‌లో 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప కనబడ్డాక, 2014 జులై నుంచి రాష్ట్రమంతటా ప్రతి పడవలోని నీరూ ఒంపేసి వెళ్లాలన్న నిబంధన వచ్చింది. కయాక్‌కూ అది వర్తిస్తుంది. డ్రైవ్ గూడు, చుక్కాని మడత, పొట్టలోని నీరు అన్నీ చూసుకుని బయల్దేరాలి.

నదుల మాట రెండు వాక్యాల్లో ముగుస్తుంది. గ్వాడలూప్, లానో లాంటి రాళ్ల ఏరుల్లో, రాష్ట్ర చేప అయిన గ్వాడలూప్ బాస్ కోసం వెళ్లేవాళ్లకు పొట్టి, తేలికపాటి తెడ్డు కయాక్ తప్ప వేరే ఆలోచనే అక్కర్లేదు. అడుగు రాళ్లకు పెడల్ ఒకటి రెండు పూటలకు మించి నిలవదు.

ఇప్పుడు బరువు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇది, కొనేటప్పుడు అందరూ చివరికి తోసేసేదీ ఇదే. 10 నుంచి 12 అడుగుల తెడ్డు కయాక్‌లు ఎక్కువగా 23 నుంచి 35 కిలోల మధ్య ఉంటాయి. పెడల్ కయాక్‌లు 40 కిలోల దగ్గర మొదలవుతాయి. హోబీ ప్రో ఆంగ్లర్ 14 లాంటివి కుర్చీ, డ్రైవ్ అన్నీ కలిపితే 65 కిలోలు దాటతాయి. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటూ సెడాన్ కారు నడిపేవాడు దీన్ని ఎక్కడ పెడతాడు, ఎలా ఎత్తుతాడు? కారు పైకప్పు ఎంత మోస్తుందో ఆ కారు మాన్యువల్లో రాసి ఉంటుంది. చాలా సెడాన్లలో ఆ అంకె చూస్తే పెద్ద పెడల్ కయాక్ ఆశ అక్కడే తీరిపోతుంది. కయాక్‌ను నేల మీంచి నెత్తి ఎత్తుకు లేపి, చట్రం మీదికి నెట్టి, పట్టీలు బిగించే పని పొద్దున్నే ఒకసారి చేస్తాం. ఎండలో ఆరు గంటలు తిరిగి అలిసిపోయి తడి బట్టలతో మళ్లీ చేస్తాం. రెండోదే కష్టం. పికప్ ట్రక్కు, చిన్న ట్రైలరు, సొంత గ్యారేజీ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. వాళ్లు బరువు గురించి నిశ్చింతగా పెడల్ వైపు చూడొచ్చు. లేనివాళ్లు పడవ ధరకు ట్రైలరు ధర కూడా కలిపి లెక్క చూసుకోవాలి. ఏడాదిలో పడవ నీటిలోకి ఎన్నిసార్లు దిగుతుందన్నదాన్ని నిర్ణయించేది ఈ లెక్కే.

డబ్బు విషయంలో పెడల్‌కు పైఖర్చులున్నాయి. పంక ఏదైనా గట్టిదానికి తగిలితే గేర్లు పాడవకుండా, విరిగిపోవడానికే పెట్టిన చిన్న పిన్ను ఉంటుంది. దాని జోడీ ఎప్పుడూ వెంట ఉండాలి. మిరాజ్‌డ్రైవ్‌లో గొలుసులూ తీగలూ సాగుతాయి, బిగించుకోవాలి. రెక్క కడ్డీ వంగితే మార్చాలి. ఉప్పునీటిలో తిరిగిన ప్రతిసారీ అన్నీ మంచినీటితో కడగాలి. తెడ్డుకు వీటిలో ఏదీ లేదు. వాడిన పెడల్ కయాక్‌లు సగం ధరకు దొరుకుతాయి, అలా కొనడం మంచి పద్ధతే. కాని డ్రైవ్ దిగే గూటి మూలల్లో వేలు పెట్టి తడిమి చూడాలి. ప్లాస్టిక్ పగుళ్లు మొదలయ్యేది అక్కడే. తర్వాత పడవ పొట్టలో రెండు బకెట్ల నీళ్లు పోసి, ఎత్తుగా పెట్టి, కాసేపు కింద నేల తడుస్తుందేమో చూస్తే మిగతాది బయటపడుతుంది.

ఒంటి సంగతి ఎవరికి వారే ఎరుగుదురు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు పెడల్ ఊరట. మోకాళ్లు అరిగినవాళ్లలో కొందరికి గుండ్రంగా తొక్కడం కన్నా రెక్కల డ్రైవ్‌లో ముందుకు నెట్టడమే సుఖంగా ఉంటుంది, కొందరికి సరిగ్గా దానికి వ్యతిరేకంగా ఉంటుంది. కుర్చీకీ పెడళ్లకూ మధ్య దూరం సరిగా సర్దుకోకపోతే ఎవరికైనా నొప్పి తప్పదు.

ఇంకో మాట నాకు మరీ ముఖ్యం. పెడల్ మనిషిని తన చేతుల శక్తికి మించిన దూరం తీసుకుపోతుంది. గాలికి ఎదురుగా రెండు మైళ్లు హాయిగా తొక్కుకుపోయి, అక్కడ పిన్ను విరిగినా, చుక్కాని తీగ తెగినా, ఆ 60 కిలోల వెడల్పాటి పడవను తెడ్డుతో వెనక్కి తేవాలి. తెడ్డును అలంకారంగా పక్కన కట్టుకుని, ఒక్కసారీ వేయని చేతులకు ఆ పని కొండంత అవుతుంది. టెక్సస్ చట్టం కయాక్‌లో మనిషికొక లైఫ్ జాకెట్ ఉండాలంటుంది. 13 ఏళ్లలోపు పిల్లలు మాత్రం తొడుక్కునే తీరాలంటుంది. పెద్దవాళ్లు దాన్ని కుర్చీ వెనక కుక్కుకుని తిరగడం చూస్తే నాకు మనసు స్థిమితంగా ఉండదు. బోల్తాపడ్డ కయాక్ గాలికి కొట్టుకుపోయే వేగాన్ని మనిషి ఈది అందుకోలేడు. జాకెట్ ఒంటి మీదే ఉండాలి, విజిల్ దానికే కట్టి ఉండాలి. వేసవిలో, ఒడ్డుకు దగ్గర్లో, పక్కన తోడు ఉండగా కావాలని పడవ బోల్తా కొట్టించి, తిరగేసి, మళ్లీ ఎక్కి చూడాలి. 65 కిలోల పడవను నీటిలోంచి తిరగేయడం ఎంత కష్టమో తెలిసినవాడు గాలి సూచన చూడకుండా బయల్దేరడు.

ఈ రెండూ కాకుండా చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకునే మూడో దారి ఇప్పుడు బాగా పెరుగుతోంది. మోటారు బిగించగానే టెక్సస్‌లో రిజిస్ట్రేషన్ కావాలి, బ్యాటరీ బరువు అదనం. బాస్ చేపల పోటీలకు పేరుపడ్డ బాస్‌మాస్టర్ కూడా 2020లో కయాక్ పోటీలు మొదలుపెట్టింది. చేపను కొలతపలక మీద పెట్టి, ఫోటో తీసి, వెంటనే నీటిలో వదిలేసే ఈ పోటీల్లో కొన్ని మోటారును ఒప్పుకుంటాయి, కొన్ని మనిషి బలాన్నే అడుగుతాయి. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లు ముందు ఆ నియమాలు చదువుకోవాలి. మిగతావాళ్లకు తెడ్డూ పెడలూ చాలు.

కారు సెడానై, వెళ్లేది ఎక్కువగా చిన్న చెరువులకూ, ఏర్లకూ, సరస్సుల గాలి తగలని పాయలకూ అయితే 30 కిలోల లోపు తెడ్డు కయాక్ కొనండి. మిగిలిన డబ్బులో కొంత తేలికపాటి కార్బన్ తెడ్డు మీద పెట్టండి. పడవలో కన్నా తెడ్డులో తగ్గించిన ప్రతి గ్రామునూ చెయ్యి గుర్తిస్తుంది. లేక్ ఫోర్క్ సరస్సులో 1992 జనవరిలో పట్టిన, ఇప్పటికీ రాష్ట్ర రికార్డుగా నిలిచి ఉన్న 18.18 పౌండ్ల బాస్ మీ కలలోకి వస్తూ ఉంటే, ట్రక్కో ట్రైలరో ఉంటే, 27,000 ఎకరాల ఆ విశాలమైన నీటికి పెడల్ తీసుకోండి. మోడుల మధ్య తిరగాలి గనుక వెనక్కి సులువుగా పోయేది, దెబ్బ తగిలితే పైకి లేచేది చూడండి. తీరంలో వాడేవాళ్లు రెక్కల వైపు మొగ్గడం మంచిది, తెడ్డును మాత్రం సగం పడవగా లెక్కించాలి.

అమెరికాలో చాలా కయాక్ దుకాణాలు కొనేముందు నీటిలో నడిపి చూసుకోనిస్తాయి. పొద్దున్నే నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు వెళితే అన్ని పడవలూ బాగానే ఉంటాయి. గాలి లేచిన మధ్యాహ్నం వెళ్లండి. పెడల్ కయాక్‌ను గాలికి ఎదురుగా తొక్కుకుంటూ వెళ్లి, అక్కడ డ్రైవ్ పైకి తీసేసి తెడ్డుతో వెనక్కి రండి. తర్వాత దుకాణం కుర్రాడి సాయం తీసుకోకుండా మీ కారు మీదికి మీరే ఎత్తి చూడండి. ఆ పని చేయగలిగితే ఆ పడవ మీకు సరిపోతుంది.